నిమ్మ వాసన

మార్చి 2

లోతు: సున్నా. చూపు: వంటగది గోడ దాకా. సాక్షి: పిల్లి.

ఇది డైవ్ పుస్తకం. నీళ్ళలోకి దిగిన ప్రతిసారీ ఎంత లోతు దిగామో, నీళ్ళలో ఎంత దూరం కనిపించిందో రాసి, తోడు దిగినవాళ్ళతో సాక్షి సంతకం పెట్టించుకోవాలి. ఇవాళ దిగలేదు. రేపు కూడా ఉండదట. పేజీలు ఊరికే పోవడం ఎందుకని రాస్తున్నాను. దీన్ని చదివేవాళ్ళు ఎవరూ లేరు. మా మరిది కాడ్యోకి చదువు వచ్చు గానీ ఓపిక లేదు.

ఓడ మునిగి రెండు రోజులైంది. కడుపు నిండా నల్ల నూనెతో పోతూ పోతూ, ఇంకెక్కడా చోటు దొరకనట్టు మా మిందోరో దీవి ముందే మునిగింది. మా ఊరి పెద్ద కాపితాన్ బెర్టింగ్ మైకులో ఊరంతా చాటించాడు. చేపల వేట నిషేధం. డైవింగ్ నిషేధం. స్నానం నిషేధం.

"చూడ్డానికి పర్మిషన్ ఉందా కాపితాన్?" అని కాడ్యో పడవలోంచి అరిచాడు.

ఉర్స్ మెయిల్ పంపాడు. స్విట్జర్లాండులో రైలు నడిపి రిటైరైన మనిషి. పదకొండేళ్ళుగా ప్రతి మే నెలలో డైవింగ్‌కి వస్తాడు. ఈసారి ఆరుగురిని తెస్తున్నాడు. నేను అద్దెకిచ్చే మూడు గదులూ వాళ్ళతోనే నిండుతాయి. వాళ్ళు రాకపోతే ఈ ఏడాదికి తలుపులు మూసుకోవడమే. కానీ అతను అడిగింది గదుల గురించి కాదు. "బామ్మ బాగుందా?" అని.

బామ్మ అంటే మా రేవు ముందు ఏడు మీటర్ల లోతున పగడాల దిబ్బ మీద కూర్చున్న పెద్ద ఆల్చిప్ప. ఆ పేరు ఉర్స్ పెట్టిందే. మా ఆయన మెల్చోర్ దాన్ని అరచేతిలో పట్టేంత పిల్లగా తెచ్చి అక్కడ పెట్టాడు. ఇప్పుడు కౌగిట్లోకి రాదు. మెల్చోర్ పోయి ఆరేళ్ళు. అది ఉంది. మీద చెయ్యి నీడ పడితే చాలు, టక్కున మూసుకుంటుంది. జనం డబ్బిచ్చి సముద్రాలు దాటి వచ్చేది దానిచేత మొహం మీద తలుపు వేయించుకోవడానికే.

జవాబు రాశాను. ఓకే అని.

మార్చి 3

వచ్చింది.

నూనె. ముందు నెమలి రంగులు, తర్వాత గోధుమ రంగు, మధ్యాహ్నానికి నలుపు. గాలి నిండా పాత ఇంజను వాసన. మా మెట్ల మీదకి ఒక పీత ఎక్కి కూర్చుంది. చీపురుతో తోసినా దిగనంది. నాకంటే తెలివైనది.

సాయంత్రానికి దిబ్బ పైన సగం మేర పరుచుకుంది. సరిగ్గా బామ్మ ఉన్న వైపు.

మార్చి 4

ఉదయం పని ఉండి పెందలాడే లేచాను. పని అయింది.

గిన్నెల సబ్బు అయిపోయింది. కొనాలి.

మార్చి 4, సాయంత్రం

పొద్దున ఎనిమిదింటికి చర్చి ఆడవాళ్ళు సముద్ర తార మాత విగ్రహాన్ని పడవ ఎక్కించి రేవంతా తిప్పారు. ఈ ఊరేగింపు ఏటా మే నెలలో ఉంటుంది. ఈసారి మాతను రెండు నెలలు ముందే డ్యూటీకి పిలిచారు. పడవ నడిపింది కాడ్యో.

ఊరి రేవంతా నల్లగా ఉంది. మా దిబ్బ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీళ్ళు తేటగా ఉన్నాయి. నూనె లేదు. కొంచెం తెల్లటి నురగ, అంతే. పైగా సువాసన.

"కలమన్సి!" అని అరిచింది కాపితాన్ పెళ్ళాం ఫ్లోర్దెలీసా. అవి మా చిన్న నిమ్మకాయలు. "మాత ఒంటి వాసనే ఇది!"

ఆడవాళ్ళంతా ముక్కులు ఎగబీలుస్తూ ఒకే వైపు మోకాళ్ళ మీద పడ్డారు. పడవ ఒరిగింది. మాత నీళ్ళలో పడకుండా కాడ్యో నడుం పట్టుకుని ఆపాడట.

"పునీతుల ఒంటి నుంచి గులాబీ వాసన వస్తుందని చర్చిలో పాద్రే చెప్పేవాడు వదినా," అన్నాడు నాతో. "మనది పేద ఊరు గదా, కలమన్సితో సరిపెట్టేసింది."

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. వంటగది వెనక ఉన్న ఖాళీ డబ్బాల వైపు ఓసారి చూసి వెళ్ళిపోయాడు.

దేవుడి పనులు దేవుడికే తెలుసు.

మార్చి 5

పాద్రే పూజలో అద్భుతం గురించి చెప్పాడు. "తొందరపడి అద్భుతం అనకూడదు" అని మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి తనే తొందరపడ్డాడు. పక్క ఊళ్ళవాళ్ళు సీసాలతో వచ్చి మా రేవు నీళ్ళు పట్టుకుపోతున్నారు. ఒకామె మోకాలికి రాసుకుంది. నొప్పి తగ్గిందట. జిడ్డు మాత్రం బాగా వదిలి ఉంటుంది.

తేట నీళ్ళ ఫోటో తీసి ఉర్స్‌కి పంపాను. ఓకే.

మార్చి 6

ప్రభుత్వం వాళ్ళు బియ్యం, డబ్బా సార్డీన్లు పంచారు. సముద్రం ముందు కూర్చుని డబ్బా చేపలు తిన్నాం. డబ్బా మీద చేప బొమ్మ నవ్వుతోంది.

మార్చి 8

వెంట్రుకలు ఇవ్వాలట. నూనెను వెంట్రుక పీల్చుకున్నంత బాగా ఇంకేదీ పీల్చుకోదట. కొబ్బరి పీచు, వరిగడ్డి, వెంట్రుకలు పొడుగు సంచుల్లో కూరి, నూనె దాటి రాకుండా నీళ్ళ మీద తేలేలా కడతారు. దాన్ని బూమ్ అంటారు. ఊళ్ళో పార్లర్ నడిపే బేబెట్ (బాప్తిస్మం పేరు రొడోల్ఫో, ఆ పేరుతో పిలిస్తే గుండు గ్యారంటీ) పొద్దుటి నుంచి కత్తెర కింద పెట్టలేదు. మొక్కుకున్నా ఇంతమంది గుండు చేయించుకోరు.

కాపితాన్ వచ్చి ప్రజలు త్యాగం చెయ్యాలని ఉపన్యాసం ఇచ్చాడు. కాపితాన్‌ది బట్టతల.

"చూశారా, నాయకుడంటే అలా ఉండాలి," అన్నాడు కాడ్యో. "ఓడ మునగక ముందే తన వంతు ఇచ్చేశాడు."

సంచులు చాలక ఆడవాళ్ళ మేజోళ్ళు అడిగారు. ఫ్లోర్దెలీసా పన్నెండు జతలు ఇచ్చింది. అవి ఎవరెవరి వెంట్రుకలతో నిండాయో తలుచుకుని ఊరంతా నవ్వుకుంది.

నా జడ నడుం దాకా ఉంటుంది. ఇవ్వలేదు. మా రేవుకు బూమ్ అక్కర్లేదని కాపితానే అన్నాడు గదా, మాత ఉందని.

మార్చి 9

సభ. విశ్వవిద్యాలయం నుంచి ఇలాగన్ అనే అమ్మాయి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. సముద్రంలో బతికేవాటి గురించి చదువుకుంది. గాజు గ్లాసులో నీళ్ళు పోసి మీద వంట నూనె పోసింది. తేలింది.

"ఇది ఒడ్డుకు కొడుతుంది. ఎత్తడం కష్టం, అసహ్యం. కానీ ఎత్తొచ్చు," అంది.

తర్వాత గిన్నెల సబ్బు నాలుగు చుక్కలు వేసి చెంచాతో తిప్పింది. నూనె మాయమైంది. గ్లాసంతా పాలలా తెల్లబడింది.

"పోయిందనుకుంటారు. పోలేదండీ. చిన్న చుక్కలైపోయి కిందికి దిగింది. పగడాలూ ఆల్చిప్పలూ నీళ్ళు వడకట్టుకుని బతుకుతాయి. ఇప్పుడు దీన్ని తాగుతాయి. దయచేసి ఎవరూ సబ్బు పొయ్యకండి."

కాపితాన్ చప్పట్లు కొట్టించాడు. కాడ్యో నా పక్కనే కూర్చున్నాడు. చప్పట్లు కొట్టలేదు.

ఇంటికొచ్చి పడుకున్నాను. తలనొప్పి. ఆ అమ్మాయి గ్లాసు కడిగిందో లేదో.

మార్చి 10

నిషేధం ఉంది కాబట్టి దిగలేదు.

మార్చి 11

నిషేధం.

మార్చి 12

నిషేధం. చట్టం అంటే చట్టమే. (పోయినేడు తుఫాను నిషేధంలో రెండుసార్లు దిగాను. అది వేరు.)

మార్చి 14

టీవీవాళ్ళు వచ్చారు. అద్భుతం జరిగిన నీళ్ళలో తనే దిగి చూపిస్తానన్నాడు కాపితాన్. నిషేధం పెట్టింది తనే కాబట్టి తనకు వర్తించదట. జీవితంలో ఎప్పుడూ దిగిన మనిషి కాదు. నా దగ్గరున్న అతి పెద్ద సూటు తొడిగాం. జిప్పు పైకి లాగడానికి ముగ్గురం పట్టాం. కాడ్యో తోడు దిగాడు. కెమెరా మనిషి కూడా దిగాడు. మూడు మీటర్లే, ఇసుక మీద, దిబ్బకు దూరంగా. దిబ్బ వైపు వద్దని నేనే అన్నాను. అలలు ఎక్కువన్నాను.

కాపితాన్ కెమెరా వైపు తిరిగి, అంతా బాగుందని బొటనవేలు పైకెత్తాడు. కాడ్యో వెంటనే మెడపట్టీ పట్టుకుని పైకి లాక్కొచ్చాడు. మళ్ళీ దిగారు. మళ్ళీ బొటనవేలు. మళ్ళీ లాగాడు. మూడోసారి కాపితాన్ నీళ్ళు ఉమ్ముతూ వచ్చాడు.

"ఎందుకురా ఊరికే లాగుతావ్, గాడిదా!"

"మీరే గదా కాపితాన్ పైకి పోదామన్నారు."

"నేనెప్పుడన్నాను!"

"బొటనవేలు పైకెత్తితే పైకి పోదామనే. బాగుందనాలంటే వేళ్ళు ఇట్లా సున్నా చుట్టాలి. బాగా లేదనాలంటే అరచెయ్యి ఇట్లా అటూ ఇటూ ఊపి, ఏది బాగా లేదో దాన్ని చూపించాలి. నీళ్ళ కింద భాష వేరు. అక్కడ పదవులు చెల్లవు."

సాయంత్రం వార్తల్లో కాపితాన్ సున్నా చుడుతూ కనిపించాడు. ఊరంతా బొటనవేళ్ళు ఎత్తి నవ్వుకుంటోంది.

నేనూ నవ్వాను. కడుపు నొప్పెట్టేదాకా నవ్వాను.

మార్చి 17

మెట్ల దగ్గర సముద్రపు ముళ్ళబంతులు, రాళ్ళ మీద పాకే ముళ్ళ జీవాలు, నాలుగు చచ్చి కొట్టుకొచ్చాయి. ముళ్ళన్నీ రాలిపోయి నున్నగా ఉన్నాయి. కాపితాన్ గుర్తొచ్చాడు. ఊడ్చేశాను. వయసైపోయి ఉంటుంది.

మార్చి 18

ఆరు.

మార్చి 19

లెక్కపెట్టలేదు.

మార్చి 21

ఓడలోంచి ఇంకా కారుతూనే ఉందట. రెండో తెట్టు మా వైపు తిరిగింది, ఎల్లుండికి వస్తుందంటున్నారు. కాపితాన్ దగ్గరికి వెళ్ళి బూమ్ అడిగాను.

"నీకెందుకు పేటాంగ్?" అన్నాడు. "ఉన్నదంతా ఆ చివర మడ అడవికి పంపేశాను. నీ రేవుకి సాక్షాత్తూ మాతే కాపలా ఉంటే మేజోళ్ళతో పనేంటి?"

"మాతకి రోజూ ఇదే పనా కాపితాన్? ఇంకే పనులూ ఉండవా?"

"విశ్వాసం ఉండాలమ్మా."

"ఉంది. బూమ్ కూడా ఉంటే బాగుంటుంది."

"మాతని అవమానించినట్టు కాదూ? టీవీలో చూపించాక ఇప్పుడు అక్కడ బూమ్ కడితే జనం ఏమనుకుంటారు?"

నిజం నోటి దాకా వచ్చింది. ఫ్లోర్దెలీసా కాఫీ తెచ్చింది. తాగి వచ్చేశాను. కాఫీ బాగుంది.

మార్చి 22

పొద్దున్నే బేబెట్ పార్లర్‌కి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను.

"ఎంత తియ్యమంటావ్ అక్కా?"

"మొత్తం."

"అయ్యో, నీ మొగుడు చూసి మురిసిపోయిన జడ అక్కా ఇది!"

"మురిసినవాడు పోయాడు. తియ్యి."

అది ఏడుస్తూ తీసింది. నా జుట్టు, అక్కడ ఊడ్చి పెట్టిన రెండు బస్తాలూ ఇంటికి తెచ్చాను. కాడ్యో నా గుండు చూసి, ఒక్క జోకు కూడా వెయ్యకుండా కొబ్బరి పీచు తేవడానికి పోయాడు. వాడికి అదే మొదటిసారి.

ఇద్దరం పాత వలలు కోసి రోజంతా కూరాం, కుట్టాం. మధ్యాహ్నం నేను రేవు దాకా వెళ్ళి వచ్చేసరికి వాడు గట్టు మీద నిలబడి ఉన్నాడు. చేతిలో గిన్నెల సబ్బు డబ్బా. ఐదోది, ఆ తర్వాత కొన్నది. బియ్యం పీపా వెనక ఎందుకు దాచానో నాకే తెలియదు.

"ఇది దేనికి వదినా?"

"గిన్నెలకి."

"ఇన్ని గిన్నెలు మనింట్లో లేవే."

వాడు వంటింట్లోకి పోయి ఉన్న గిన్నెలన్నీ ముందేసుకున్నాడు. మూకుళ్ళు, మూతలు, అల్మరాలో అతిథుల కోసం దాచిన పళ్ళేలు. ఆ డబ్బా అయిపోయేదాకా తోమాడు. ఇల్లంతా కలమన్సి వాసన. పొద్దుగూకేదాకా నేను సంచులు కుడుతూ ఉన్నాను.

మార్చి 23

తెట్టు వచ్చింది. మా బూమ్ చాలావరకు ఆపింది. ఒక చివర తెగితే కాడ్యో మెడ లోతు నీళ్ళలో నిలబడి పట్టుకున్నాడు. పైకి వచ్చేసరికి పళ్ళు తప్ప అంతా నలుపే.

"ఎట్లా ఉన్నాను?"

"ఫ్లోర్దెలీసా మేజోడులా ఉన్నావ్."

ఒడ్డుకు చేరిందంతా పారలతో ఎత్తాం. కష్టం, అసహ్యం. కానీ ఎత్తాం. ఆ అమ్మాయి అన్నట్టే.

ఏప్రిల్ 3

ఉర్స్ బామ్మ ఫోటో అడిగాడు. తనతో వచ్చేవాళ్ళకి చూపించాలట. పోయినేడు తీసింది పంపాను. ఫోటో నిజమైనదే.

ఏప్రిల్ 11

డైవింగ్ మళ్ళీ తెరవాలా వద్దా తేల్చడానికి ఇలాగన్ దిబ్బలన్నీ చూస్తోంది. సాయంత్రం మా ఇంటికి వచ్చింది. ఎండుచేప, అన్నం పెట్టాను. చేత్తో కలుపుకుని శుభ్రంగా తింది. మంచి పిల్ల.

"ఒకటి అర్థం కావట్లేదు పెద్దమ్మా," అంది. "మడ అడవి వైపు ఒడ్డంతా తారు. కింద దిబ్బ మాత్రం బాగానే ఉంది. మీ రేవులో పైన అద్దంలా ఉంది. మరి ముళ్ళబంతులు చచ్చి మీ మెట్ల దగ్గరికే ఎందుకొస్తున్నాయి?"

"ఎవరు చెప్పారు?"

"మీ చెత్తబుట్ట."

కాడ్యో దగ్గాడు.

"రేపు మీ దిబ్బ చూడాలి. దాని గురించి మీకంటే బాగా తెలిసినవాళ్ళు లేరంట. తోడు వస్తారా?"

ఇంకేం నిషేధం. కాగితం మీద కాపితాన్ సంతకం పెట్టించుకుని మరీ వచ్చింది.

ఏప్రిల్ 12

లోతు: ఏడు. చూపు: నాలుగు మీటర్లు, మసక. తోడు: ఇలాగన్.

దిగేటప్పుడు కళ్ళు మూసుకున్నాను. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ అలా చెయ్యలేదు.

ముందు ఇసుక. తర్వాత కొమ్ముల పగడాలు. గోధుమ రంగులో ఉండాలి. తెల్లగా ఉన్నాయి, ఇంటికి సున్నం వేసినట్టు. వాటి మధ్య ఆడుకునే చిన్న నీలి చేపలు లేవు. ఒకటి ఉంది. ఒక్కటే ఏం చేస్తుంది. పగడాల సందుల్లో గోధుమ రంగు జిగురు పేరుకుని ఉంది. వేలితో తాకితే పొగలా లేచింది. నూనె పైనున్నప్పుడు ఎవరైనా చూసేవాళ్ళు. ఇక్కడికి పంపాక ఎవరూ చూడలేదు.

ఇలాగన్ పలక మీద రాసుకుంటోంది. మధ్యమధ్య నా వైపు తిరిగి వేళ్ళతో సున్నా చుట్టేది. ఓకేనా అని. నేనూ సున్నా చుట్టేదాన్ని. ఓకే. అడిగిన ప్రతిసారీ. నెలన్నరగా చేస్తున్నది అదే గదా, చెయ్యి అలవాటు పడిపోయింది.

బామ్మ దగ్గరికి వచ్చాం. నోరు తెరిచి ఉంది. అంచుల్లో నీలం, ఊదా రంగులు ఉండేవి. సగం పాలిపోయాయి. మీదుగా చెయ్యి పోనిచ్చాను. కదల్లేదు. మళ్ళీ పోనిచ్చాను. మూడోసారి మెల్లగా, ఎవరో ఒప్పించినట్టు, సగం మూసుకుంది. అక్కడే ఆగిపోయింది.

ఇలాగన్ నా వైపు తిరిగింది. సున్నా. ఓకేనా?

అరచెయ్యి చాచాను. అటూ ఇటూ ఊపాను. బాగా లేదు.

ఏది, అన్నట్టు కళ్ళు పెద్దవి చేసింది.

నా గుండె మీద వేలు పెట్టి చూపించాను. ఇది. నేను.

ఆ పిల్ల చదువుకున్నది. నేర్పిన ప్రకారం చేసింది. నా నోట్లోంచి గాలి గొట్టం పీకి తన రెండో గొట్టం దూర్చింది. నా చంక కింద చెయ్యి వేసి, బొటనవేలు పైకి చూపించి, కాళ్ళు కొట్టుకుంటూ పైకి లాక్కుపోయింది. ఒప్పుకుందామని వేలు ఎత్తితే నన్నే కాపాడింది.

పైకి తేలగానే అరిచింది: "కాడ్యో అన్నా! ఆక్సిజన్! పెద్దమ్మకి గుండె!"

కాడ్యో పడవలోంచి సగం నీళ్ళలోకి వేలాడి నా చెయ్యి పట్టుకున్నాడు. "వదినా! గుండెకేమైంది? నొప్పా?"

"గుండె కాదురా," అన్నాను. నోట్లో ఉప్పు. "సబ్బు."

ఇలాగన్‌కి అర్థం కాలేదు. కాడ్యో నా చెయ్యి వదిలేసి వెనక్కి కూర్చున్నాడు.

"ఆమెకి ఏం కాలేదమ్మా," అన్నాడు. "మాట్లాడుతోంది, అంతే."

అన్నీ చెప్పాను. ఎంత పోశానో, ఏ వైపు, ఏ పూట. పడవ అంచు పట్టుకుని, నీళ్ళలోనే. ఇలాగన్ తిట్టలేదు. పలక మీద రాసుకుంది. తిడితే బాగుండేది.

"బతుకుతుందా?" అని అడిగాను.

"తెలీదు పెద్దమ్మా. మూసుకుంది గదా. సగమైనా."

ఈ దిబ్బ ఏడాదిపాటు తెరవడం కుదరదంది. సరే అన్నాను.

ఏప్రిల్ 14

కాపితాన్ వచ్చి అరిచాడు. "ఒక్క నెల ఆగి చెప్తే నీ సొమ్మేం పోయింది! బస్సులేసుకుని వస్తున్నారు జనం!" ఫ్లోర్దెలీసా నన్ను చూసి శిలువ గుర్తు వేసుకుంది. పాద్రే మాత్రం నవ్వాపుకుంటూ విన్నాడు. ఇవాళ పొద్దున పూజలో నన్నే లేచి చెప్పమన్నాడు, ఇంకెవరూ పొయ్యకుండా. చెప్పాను. మోకాలి నొప్పి తగ్గినామె లేచి, "మరి నా మోకాలు?" అని అడిగింది.

ఉర్స్‌కి రాశాను. మూడు వాక్యాలు. మొన్న ఇలాగన్ తీసిన బామ్మ ఫోటో పెట్టాను. దిబ్బ మూసేశారు, రావద్దని చెప్పాను.

ఏప్రిల్ 16

ఉర్స్ జవాబు. మిగతా ఆరుగురూ ఇంకో దేశం వెళ్తున్నారట. తను మాత్రం మేలో వస్తాడట. డైవింగ్ సామాను తేవడం లేదు. పార పెద్ద సైజుది ఉంటుందా అని అడిగాడు. కింద ఇంకో వాక్యం ఉంది: "ఇంకోసారి నాకు ఓకే అని రాయకు."

ఏప్రిల్ 17

ఈ పుస్తకంలో చెరపకూడదు. తప్పు రాస్తే మీద ఒక్క గీత కొట్టి, పక్కన ఉన్నది రాయాలి. మెల్చోర్ పెట్టిన పద్ధతి. మార్చి 4 పేజీ తీసి గీత కొట్టాను. పక్కన ఇలా రాశాను:

లోతు: సున్నా. చూపు: బాగానే ఉంది, నేనే చూడలేదు. ఉదయం అయిదున్నర. గిన్నెల సబ్బు, పెద్ద డబ్బాలు నాలుగు. చేత్తో పోశాను. మాతకి సంబంధం లేదు. సాక్షి:

అక్కడ ఆగాను. సాక్షి లేకుండా ఈ పుస్తకంలో ఏదీ చెల్లదు. ఆ పూట రేవులో నేనొక్కదాన్నే.

కాడ్యో వెనక నిలబడి చదువుతున్నాడు. వాడికి ఓపిక లేదనుకున్నాను. పెన్ను లాక్కున్నాడు.

"నువ్వు చూళ్ళేదు గదరా," అన్నాను.

"చూడాలా?" అన్నాడు.

ఖాళీలో సంతకం పెట్టాడు. ఆర్కాదియో మాగ్సినో. పక్కన చిన్న అక్షరాలతో రాశాడు: ముక్కుతో.